డబ్బాలో గోడ

ఎండాకాలం. ఊరి చివర గడ్డి కప్పిన కొట్టాలు వరుసగా ఉన్నాయి. ఒక కొట్టానికి నిప్పు అంటుకుంది. గాలి వీచింది. పక్క కొట్టం అంటుకుంది. దాని పక్కది కూడా అంటుకుంది. మధ్యలో ఒక రాతి గోడ అడ్డం వచ్చింది. మంట అక్కడ ఆగిపోయింది.

ఇలా మంటను ఆపే గోడను ఇంగ్లీషులో ఫైర్‌వాల్ అంటారు. ఫైర్ అంటే నిప్పు. వాల్ అంటే గోడ. కంప్యూటర్ల వాళ్ళు ఈ మాటనే తీసుకున్నారు. అయితే వాళ్ళ గోడ బేతంచెర్ల బండలతో కట్టింది కాదు. కంటికి కనపడదు. అది ఇంటర్నెట్ డబ్బాలో ఉంటుంది. ఆ డబ్బా పేరు రౌటర్. వైఫై డబ్బా అంటే అందరికీ తెలుస్తుంది.

నంద్యాలలో, ఆళ్ళగడ్డలో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ డబ్బా ఉంది. కరెంటు స్తంభాల మీదుగా సన్నని నల్ల తీగ వస్తుంది. తీగ లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. దాన్నే ఫైబర్ అంటారు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్ మొదలుపెట్టింది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామని చెప్పింది. ప్రైవేటు కంపెనీలు కూడా తీగలు లాగాయి. కేబుల్ అతను వస్తాడు. గోడకు డబ్బా తగిలిస్తాడు. పచ్చ లైట్లు వెలుగుతాయి. "అయిపాయె, ఇంక చూసుకోండి" అని పోతాడు. ఆ తరువాత డబ్బా సంగతి ఎవరూ పట్టించుకోరు. దుమ్ము మాత్రం తుడుస్తారు.

ఇంతకీ డబ్బా చేసే పని ఏమిటి?

ఇంటికి వచ్చే తీగ ఒకటే. ఇంట్లో ఫోన్లు నాలుగు. టీవీ ఒకటి. తీగలో వచ్చిన దాన్ని డబ్బా అందరికీ పంచుతుంది. బయటి లోకానికి ఆ ఇంటిది ఒకటే నంబరు. లోపల ఒక్కో ఫోనుకు ఒక్కో చిన్న నంబరును డబ్బానే ఇస్తుంది. కోడలు తన ఫోనులో ఈ రోజు వేరుశనగ ధర అడిగిందనుకోండి. ఎవరు అడిగారో డబ్బా గుర్తు పెట్టుకుంటుంది. జవాబు రాగానే కోడలి ఫోనుకే ఇస్తుంది. అదే సమయంలో ఎవరూ పిలవనిది ఒకటి వచ్చింది. "నిన్ను ఎవరు రమ్మన్నారు?" అని డబ్బా చూస్తుంది. అడిగిన వాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి లోపలికి రానివ్వదు. వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్న అత్త చేసే పని కూడా ఇదే గదా! ఫైర్‌వాల్ అంటే ఇంతే.

"మా ఇంట్లో ఏముంది, దొంగ రావడానికి?" అని చాలామంది అంటారు. ఈ మాట సరిగా ఆలోచించాలి. ఇంటర్నెట్‌లో వాకిలి తట్టేది మనిషి కాదు. మనిషి రాసి వదిలిన ప్రోగ్రాము. దానికి నిద్ర లేదు. ప్రపంచంలోని నంబర్లన్నీ ఒకదాని తరువాత ఒకటి తట్టుకుంటూ పోతుంది. మేడ అయినా ఒకటే, కొట్టమైనా ఒకటే. తెరుచుకున్న చోట దూరుతుంది.

2016లో మిరాయి అనే ప్రోగ్రాము ఇలాగే తిరిగింది. దాని దగ్గర ఉన్నది సుమారు 60 పాస్‌వర్డుల పట్టీ. అన్నీ ఫ్యాక్టరీలో పెట్టినవే. ఆ పట్టీతోనే లక్షల కెమెరాలలోకి, రౌటర్లలోకి దూరింది. ఆ డబ్బాలన్నిటి చేత ఒకేసారి దాడి చేయించారు. ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల కొద్దీ తెరుచుకోలేదు. తమ డబ్బా దొంగల దండులో చేరిందని ఆ ఇళ్ళ వాళ్ళకు తెలియనే తెలియదు.

ఇది దూర దేశం ముచ్చట కాదు. 2017 జూలైలో పక్కనున్న కర్ణాటకలో వేల ఇళ్ళ బి.ఎస్.ఎన్.ఎల్. మోడెంలు పని చేయకుండా పోయాయి. ఒక చెడ్డ ప్రోగ్రాము వాటిని పాడు చేసింది. దెబ్బ తిన్నవి ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని డబ్బాలు. ఆ పాస్‌వర్డు 'అడ్మిన్'. అది లోకానికంతా తెలుసు. పాస్‌వర్డు మార్చుకోండి అని కంపెనీ అందరికీ చెప్పింది.

ఇంకో రకం మోసం ఉంది. ఇది ఎక్కువ భయపడాల్సింది. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఒక బోర్డు ఉందనుకోండి. రాత్రి ఎవరో దాన్ని వేరే దిక్కుకు తిప్పారు. తెల్లారి కొత్తగా వచ్చిన వాళ్ళు బోర్డును నమ్మి దారి తప్పుతారు. డబ్బాలో కూడా దారి చూపే బోర్డు లాంటిది ఉంటుంది. దొంగ దాన్ని తిప్పితే, బ్యాంకు పేరు సరిగా కొట్టినా దొంగ పేజీ రావచ్చు. అది అచ్చం బ్యాంకు పేజీ లాగే ఉంటుంది. బ్రెజిల్ దేశంలో 2011లో మొదలుపెట్టి దాదాపు 45 లక్షల డబ్బాలలో ఇలా చేశారు. పొదుపు సంఘం లీడరు ఫోను కూడా ఇంటి వైఫై మీదే నడుస్తుంది. పదిమంది అక్కల డబ్బు లెక్క ఆ ఫోనులో ఉంటుంది.

మరి ఎలాంటి డబ్బా తీసుకోవాలి?

ముందు కేబుల్ అతన్ని అడగాలి. "అన్నా, నువ్వు పెట్టిన డబ్బాలో ఫైర్‌వాల్ ఉందా? ఆన్ చేసి ఉందా? చూపించు" అనాలి. కంపెనీలు ఇచ్చే డబ్బాలలో చాలావాటికి అది ఉంటుంది. ఉంటే కొత్తది కొనే పని లేదు. ఆ డబ్బు వేరే పనికి వస్తుంది.

డబ్బా బాగా పాతదైతే కొనాలి. పాస్‌వర్డు మార్చడానికి వీలు లేనిదైతే కొనాలి. అప్పుడు నంద్యాల బజారులో అంగడికి పోతే మాటలు ఇలా సాగుతాయి:

"ఏమ్మా, ఏం కావాల?"

"వైఫై డబ్బా కావాలన్నా. మాది ఫైబర్ లైను."

"ఇది తీసుకో. నాలుగు కొమ్ములుండాయి. శానా స్పీడు."

"కొమ్ములు సరే. ఫైర్‌వాల్ ఉందా?"

"అన్నిట్లో ఉంటాదమ్మా."

"అయితే డబ్బా మీద యాడ రాసుందో చూపించు. అప్‌డేట్లు ఇంకా వస్తాండాయా? డబ్ల్యు.పి.ఏ. 3 ఉందా?"

అంగడి అన్న ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటాడు. డబ్బా తిప్పి చదువుతాడు.

ఆ ప్రశ్నలు ఎందుకో చూద్దాం. కొమ్ములు ఎన్ని ఉన్నా అవి కాపలా కాయవు. గాలిలో సిగ్నల్ పంపడం వాటి పని. ఫైబర్ లైను అని ముందే చెప్పాలి. చెప్పకపోతే పాత టెలిఫోను లైనుకు పెట్టే డబ్బా అంటగట్టవచ్చు. అది ఫైబరుకు అతకదు.

అప్‌డేట్ అంటే మరమ్మతు. గోడలో బీటలు పడతాయి. డబ్బా చేసిన కంపెనీ బీట కనిపెట్టి, పూడ్చే మందును ఇంటర్నెట్ ద్వారా పంపుతుంది. తనంతట తానే అప్‌డేట్ చేసుకునే డబ్బా మేలు. కంపెనీ కొన్నేళ్ళ తరువాత పాత మోడలుకు మందు పంపడం ఆపేస్తుంది. అందుకే సగం ధరకు వచ్చే పాత డబ్బా చవకగా కనపడుతుంది గానీ చవక కాదు. డబ్ల్యు.పి.ఏ. 3 అనేది గాలిలో పోయే మాటలను దాచే పద్ధతి. 2018లో వచ్చింది. దాని ముందుది డబ్ల్యు.పి.ఏ. 2. అది ఉన్నా నడుస్తుంది. అంతకంటే పాతది వద్దు.

డబ్బా ఇంటికి వచ్చాక అసలు పని ఉంది. పాస్‌వర్డులు రెండు. చాలామందికి ఒకటే తెలుసు. వైఫై పాస్‌వర్డు ఇంట్లో వాళ్ళకు, చుట్టాలకు చెప్పేది. రెండోది డబ్బాదే. దానితో డబ్బా లోపలి ఏర్పాట్లన్నీ మార్చవచ్చు. మొదటిది వాకిలి తాళంచెవి అయితే రెండోది బీరువా తాళంచెవి. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు రెండూ మార్చాలి. ఫోను నంబరు పెట్టకూడదు. పిల్లల పేర్లు పెట్టకూడదు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి ఇంగ్లీషు అక్షరాలలో పెడితే బాగుంటుంది. జొన్న, కుండ, నెమలి, బండి ఇలాంటివి. కానీ ఇవే పెట్టకండి, ఇవి ఇక్కడ అచ్చయ్యాయి.

కొడుకో కూతురో మార్చి ఇస్తారు. ఆ మాటలను ఇంటి ఇల్లాలు తన చేత్తో కాగితం మీద రాసి బియ్యం డబ్బా అడుగున పెట్టుకోవాలి. కొడుకు హైదరాబాదు పోతే పాస్‌వర్డు అతనితో పోకూడదు. మార్చేటప్పుడే ఇంకో మాట అడగాలి: "బయటి ఊరి నుంచి ఈ డబ్బాను మార్చే వీలు ఉందా?" ఉంటే దాన్ని ఆపేయాలి. చుట్టాలకు వేరే పేరుతో వైఫై ఇచ్చే వీలు కూడా కొన్ని డబ్బాలలో ఉంటుంది. గెస్టు వైఫై అంటారు. పండగకు ఇరవై మంది వచ్చే ఇంట్లో అది మంచిది.

గోడ ఆపలేనివి కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అని ఒక ఫైలు వస్తుంది. చివర ఏ.పి.కె. అని మూడు అక్షరాలు ఉంటాయి. అది పత్రిక కాదు. నొక్కి లోపలికి ఎక్కించుకుంటే ఫోనులోని మెసేజీలు దొంగకు పోతాయి. ఓ.టి.పి. కూడా పోతుంది. బ్యాంకు నుంచి అని ఫోను చేసి ఓ.టి.పి. అడిగేవాళ్ళ సంగతీ అంతే. పిలిచి కూర్చోబెట్టిన వాడిని గోడ ఏం చేస్తుంది? డబ్బు పోయిందని తెలిస్తే ఆ నిమిషమే 1930 నంబరుకు ఫోను చేయాలి. డబ్బు చేతులు మారక ముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి నాలుగు రోజులు ఆగితే కష్టం.

ఇంకొకటి. డబ్బా వెనక సన్నని రంధ్రం ఉంటుంది. రిపేరుకు వచ్చిన అతను అందులో పిన్ను గుచ్చి కాసేపు పట్టుకుంటాడు. డబ్బా మళ్ళీ బాగా పని చేస్తుంది. కానీ పెట్టుకున్న పాస్‌వర్డులు రెండూ చెరిగిపోతాయి. ఫ్యాక్టరీ పాస్‌వర్డే తిరిగి వస్తుంది. అతను బండి ఎక్కక ముందే బియ్యం డబ్బా అడుగున ఉన్న కాగితం తీయాలి.