తాండూరు సిమెంట్ కంపెనీల వెనక ఓనర్ ఎవరు? కస్టమర్ లిస్టులో ఎలా రాయాలి?

మీరు తాండూరులో సిమెంట్ ఫ్యాక్టరీలకి బేరింగులు, బెల్టులు అమ్మే షాపులో అకౌంట్స్ చూస్తున్నారనుకోండి. లిస్టులో పెన్నా, ఇండియా సిమెంట్స్, సీసీఐ ఉన్నాయి. మూడు ఖాతాలు, సరే. మరి వీటి వెనక ఓనర్ ఎవరు?

పెన్నాని 2024 ఆగస్టులో అదానీ గ్రూపులోని అంబుజా కొనేసింది. ఏసీసీ కూడా అంబుజా కిందే ఉంది. మల్కాపూర్ ప్లాంట్ ఉన్న ఇండియా సిమెంట్స్ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. అల్ట్రాటెక్ పైన గ్రాసిమ్. సీసీఐ మాత్రం కేంద్ర ప్రభుత్వానిది.

సబ్సిడరీ అంటే? 2013 కంపెనీల చట్టం ప్రకారం, సగానికి మించి ఓటింగ్ పవర్ గానీ, బోర్డు మీద కంట్రోల్ గానీ ఇంకో కంపెనీ చేతిలో ఉంటే అది సబ్సిడరీ. బ్రాంచ్ వేరు. ఎలా తెలుస్తుంది? 15 అక్షరాల జీఎస్టీ నంబర్ చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, తర్వాతి పది పాన్. పెన్నా తాండూరు ప్లాంటుది 36తో, తాడిపత్రి ప్లాంటుది 37తో మొదలవుతుంది, పాన్ మాత్రం ఒకటే. అంటే ఒకే కంపెనీ. సబ్సిడరీకైతే పాన్ వేరే ఉంటుంది. అందుకే పాన్ చూసి పేరెంట్ ఎవరో చెప్పలేం. కంపెనీ వార్షిక నివేదిక చూడాల్సిందే.

పేర్లు, అడ్రస్ నమ్ముకోవద్దు. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరులో వచ్చింది. పాత బిల్లులో "రంగారెడ్డి జిల్లా", కొత్త బిల్లులో "వికారాబాద్ జిల్లా" ఉంటే ఒకే కస్టమర్ రెండుసార్లు ఎక్కేస్తాడు.

ఇప్పుడు లిస్టులో రెండు కాలమ్స్ పెట్టండి: "పేరెంట్ ఎవరు", "ఏ తేదీ నుంచి". పాత పేరు చెరిపేయొద్దు, పాత బిల్లులు దానిమీదే ఉంటాయి. పేరెంట్ కాలమ్‌లో నేరుగా పైనున్న కంపెనీనే రాయండి. ఇండియా సిమెంట్స్‌కి అల్ట్రాటెక్, అల్ట్రాటెక్‌కి గ్రాసిమ్. మెట్టు మెట్టుగా వెళ్తే గొలుసు తెగదు.

దీంతో లాభమేంటి? ఒకే గ్రూపులోని రెండు కంపెనీలకి చెరో 4 లక్షలు అరువిచ్చారనుకోండి. విడివిడిగా చూస్తే చిన్నవే. కలిపితే ఒకే ఇంట్లో మీ 8 లక్షలు ఉన్నట్టు.

కానీ జాగ్రత్త! బాకీ విషయంలో ఇద్దరూ ఒకటి కాదు. చట్టం దృష్టిలో ఎవరి కంపెనీ వాళ్లదే. గ్యారంటీ రాసివ్వకపోతే, సబ్సిడరీ కట్టని బిల్లుని పేరెంట్‌ని అడగలేరు. అందుకే బిల్లు కొన్న కంపెనీ పేరు మీద, అరువు లిమిట్ మాత్రం గ్రూపు మొత్తం మీద చూడాలి.

మ్యాప్ ఒకసారి గీసి వదిలేసేది కాదు. పెన్నాని తనలో కలిపేసుకోవడానికి అంబుజా బోర్డు 2024 డిసెంబరులోనే ఓకే చెప్పింది. అలా విలీనమైతే సబ్సిడరీ అన్నదే ఉండదు, జీఎస్టీ నంబర్ మారుతుంది. కాబట్టి పెద్ద బిల్లు కొట్టేముందు ఆ నంబర్ ఒక్కసారి పోర్టల్‌లో చెక్ చేయండి. రెండు నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.