‘సెలవులే కదా’ అన్నప్పుడే పెరిగే పని

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రహరీ పక్కనే ఉన్న జియా సరాయ్ ఒకప్పటి పల్లె. ఇప్పుడక్కడ పొలం లేదు, పశువు లేదు. ఇరుకు సందులకు రెండు వైపులా నాలుగైదు అంతస్తుల మేడలు, అద్దె గదులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ షాపులు, కోచింగ్ బోర్డులు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లలు ఇక్కడ గది తీసుకుని సీఎస్ఐఆర్ నెట్‌కో, గేట్‌కో, సివిల్స్‌కో చదువుతుంటారు. పీహెచ్‌డీ చేస్తూ బయట గదుల్లో ఉండేవాళ్లూ ఉంటారు. ఊళ్లో అందరికీ సెలవులు మొదలయ్యే వేళకే వీళ్ల నెత్తిన పని వచ్చి పడుతుంది.

ఎందుకంటే, ఆ కొద్ది వారాల మీద ముగ్గురి కన్ను ఉంటుంది. ‘క్లాసులు అయిపోయాయి కదా, పేపర్ పూర్తి చెయ్యి’ అంటారు గైడ్. ‘సెలవులే కదా, ఎప్పుడొస్తున్నావురా? అక్కా పిల్లలూ వచ్చారు’ అంటుంది అమ్మ. మన రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి ఇంట్లో సందడంతా ఆలోపే. ఇక మూడో వ్యక్తి ఆ పిల్లవాడే. ఏడాది పొడవునా మిగిలిపోయినదంతా ‘వేసవిలో చూసుకుందాం’ అని పక్కన పెట్టుకుంటూ వచ్చాడు. ముగ్గురూ లెక్కేసినవి అవే రోజులని ఎవరికీ తట్టదు.

2024 వేసవి సంగతే చూడండి. మే 26న జరగాల్సిన సివిల్స్ ప్రిలిమ్స్ ఎన్నికల వల్ల జూన్ 16కు వాయిదా పడింది. మే 29న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. జూన్ 25 నుంచి 27 వరకు ఉండాల్సిన సీఎస్ఐఆర్ నెట్‌ను నాలుగు రోజుల ముందు వాయిదా వేసి, జూలై 25 నుంచి 27 వరకు జరిపారు. అప్పట్లో రైలు టికెట్లు 120 రోజుల ముందే తీసుకునేవాళ్లు (2024 నవంబరు నుంచి అది 60 రోజులైంది). పరీక్ష అయిన మర్నాటికని టికెట్ తీసిపెట్టుకున్నవాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు. ఇది పిల్లల చేతిలో లేని ఒత్తిడి. దాన్ని వాళ్ల బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం.

ఎండ కూడా అలాంటిదే. 2016 వేసవిలో బోస్టన్‌లో హార్వర్డ్ పరిశోధకులు 44 మంది విద్యార్థులను 12 రోజులు గమనించారు. సగానికి కాస్త ఎక్కువమంది ఏసీ గదుల్లో, మిగతావాళ్లు ఏసీ లేని గదుల్లో ఉన్నారు. వడగాడ్పుల రోజుల్లో, ఏకాగ్రతను కొలిచే ఒక పరీక్షలో ఏసీ లేనివాళ్లు జవాబివ్వడానికి 13 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. బోస్టన్ ఎండకే అలా ఉంటే, పై అంతస్తులో రాత్రంతా వేడి కక్కే స్లాబు కింద పడుకున్నవాడి మాటేమిటి?

గదిలో కూలర్ ఉంటుంది కానీ దానికీ కొన్ని హద్దులున్నాయి. తడి గడ్డి గుండా వచ్చే గాలి నీటిని ఆవిరి చేస్తూ చల్లబడుతుంది. బయట పొడిగాలి ఉంటేనే అది సాధ్యం. కిటికీ వరండాలోకో, పక్క మేడ గోడ మీదికో తెరుచుకునే గదిలో కూలర్ అదే తేమగాలిని తిప్పి తిప్పి ఊదుతుంది. జూన్ చివర్లో ఢిల్లీకి రుతుపవనాలు వచ్చాక బాగున్న గదిలోనూ జిగట తప్ప చల్లదనం ఉండదు. కాబట్టి కష్టమైన పాఠం తెల్లవారుజామున చదవాలి, లేదా మధ్యాహ్నం ఏసీ ఉన్న లైబ్రరీలో కూర్చోవాలి. మండే గదిలో మధ్యాహ్నం మూడింటికి ఆ పేజీ బుర్రకెక్కలేదని తనను తాను తిట్టుకోవడంలో అర్థం లేదు.

పని అంచనాలో మనుషులంతా పొరబడతారని కూడా తెలుసుకోవాలి. 1994లో అచ్చయిన ఒక కెనడా అధ్యయనంలో, డిగ్రీ చివరి థీసిస్ రాస్తున్నవాళ్లను ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే? 49 అన్నారు. నిజానికి పట్టింది 55. వాళ్ల చెడ్డ అంచనా కూడా చాలలేదన్నమాట. జియా సరాయ్ గోడల మీద అంటించుకున్న టైంటేబుళ్లలో జ్వరం వచ్చే రోజు, కరెంటు పోయే రోజు, గైడ్ పిలిచే రోజు ఎక్కడా కనిపించవు. నా సలహా మొరటుగానే ఉంటుంది: రాసుకున్న జాబితాలో మూడో వంతు కొట్టేయండి. పూర్తి చేయలేని అధ్యాయం ఏదో మే నెలలోనే ఒప్పుకుంటే, మిగతావి దక్కుతాయి.

మిగిలినవాటికి మరో ఉపాయం ఉంది. అసంపూర్తి పనులు మనసును వదలవన్న సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే చెప్పింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే అమెరికన్ పరిశోధకులు దానికి ఒక ముఖ్యమైన చేర్పు చేశారు. పని పూర్తి కాకపోయినా, ఎప్పుడు ఎక్కడ ఎలా చేయాలో కచ్చితంగా నిర్ణయించుకుంటే చాలు, ఆ సలుపు తగ్గుతుంది. ‘ఎలక్ట్రోడైనమిక్స్ పూర్తి చేయాలి’ అని రాసుకుంటే నిద్ర పట్టదు. ‘రేపు ఉదయం ఆరింటికి లైబ్రరీలో, పాత పేపర్లలోని ఎలక్ట్రోడైనమిక్స్ లెక్కలు పది’ అని రాసుకుంటే పడుతుంది. ఇంత చేసినా వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సయించకపోతే, అది టైంటేబుల్‌తో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇక ఇంటి ప్రయాణం. చదువంతా అయ్యాక మిగిలితే వెళ్దామనుకుంటే ఏమీ మిగలదు. ముందు టికెట్ తీసుకుని, దాని చుట్టూ టైంటేబుల్ వేసుకోవాలి. ‘చూస్తానమ్మా’ అనే బదులు తేదీ చెబితే రోజూ వచ్చే ఆ ప్రశ్న ఆగిపోతుంది. గైడ్‌కు కూడా అదే తేదీ, తిరిగొచ్చాక ఏ భాగం ఇస్తామో రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టాలి. పరీక్ష వాయిదా పడితే టికెట్ రద్దు చేసుకోవడమే అందరికీ మొదట తోచేది. కానీ 2024లో నెట్ వాయిదాతో నెల రోజులు చేతికొచ్చాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పోనూ రానూ రెండు రోజులు, ఇంట్లో నాలుగు రోజులు తీసేసినా, చదువుకు మూడు వారాలకు పైనే మిగులుతాయి.