కురిచేడులో సముద్రం!

విశాఖ బీచిరోడ్డులో మత్స్యదర్శిని చూసొచ్చినప్పటి నుంచీ మావాడిది ఒకటే గొడవ, నారింజరంగు మీద తెల్లచారలుండే క్లౌన్ చేపలు కావాలని. సముద్రం చూడాలంటే కొత్తపట్నం దాకా పోవాల్సిన ఊరు మాది. అయినా సరేనన్నాను.

వంద లీటర్ల తొట్టి కొన్నాం. వంటుప్పు పనికిరాదు. అక్వేరియం దుకాణాల్లో ప్యాకెట్లుగా అమ్మే మెరైన్ సాల్ట్ లీటరుకు 35 గ్రాముల లెక్కన కలపాలి. బోరునీళ్ళు వద్దు (మనవైపు ఫ్లోరైడు సంగతి తెలిసిందేగా!), ఆర్‌వో నీళ్ళే. చేపల్ని వెంటనే వదలకూడదు. రోజూ చిటికెడు మేత వేస్తూ ఆగాలి. అది కుళ్ళి పుట్టే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మా ఖాళీ తొట్టిని చూసి నవ్వనివాళ్ళు లేరు.

అసలు తప్పు ఎండాకాలంలో చేశాను. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే పోశాను. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవసాగాయి. రెండింట్లో ఒకటి చచ్చిపోయింది. ఆ పూట మావాడు అన్నం ముట్టలేదు.

విషయం పట్టుకుంది మా అత్తయ్య. "పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కుద్ది గదమ్మాయ్! మళ్ళా ఉప్పెందుకు పోస్తన్నా?" అన్నారు.

నిజమే! ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. డిగ్రీ చదివిన నాకు తట్టలేదు!

ఇప్పుడు అద్దం మీద గీత గీసి, రోజూ పొద్దున్నే ఆ గీత దాకా ఉప్పులేని నీళ్ళే పోస్తున్నాను. కొంతనీరు తీసి మార్చేటప్పుడు మాత్రమే ఉప్పునీళ్ళు. హైడ్రోమీటరు 1.025 దగ్గర నిలవాలి. కరెంటు పోతే గాలాడేందుకు బ్యాటరీ మోటారు ఉంచుకోండి.

మావాడిప్పుడు సముద్రగుర్రం అడుగుతున్నాడు. 2001 నుంచి వాటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎవరమ్మినా కొనకూడదు. ఆ మాట ఇంకా వాడికి చెప్పలేదు.