ఊరి ఓటుకు విలువ తగ్గించకండి

ఇంగ్లండ్‌లో చాలా పల్లెల్లో ఇంటి ముందు చెత్తబుట్ట ఏ వారం ఖాళీ చేయాలి, ఊరి చివరి పొలంలో కొత్త ఇళ్లకు అనుమతి ఇవ్వాలా వద్దా, ఇల్లు లేనివారికి ఎక్కడ నీడ చూపాలి వంటివి తేల్చేది పార్లమెంటు కాదు, డిస్ట్రిక్ట్ కౌన్సిల్. పైనున్న కౌంటీ కౌన్సిల్ రోడ్లు, బడులు, వృద్ధుల సంరక్షణ చూసుకుంటుంది. 1974 ఏప్రిల్ 1న మొదలైన ఈ రెండంచెల ఏర్పాటును ఎత్తేసి, ఒక్కో ప్రాంతానికి ఒకే పెద్ద కౌన్సిల్ పెడతామని 2024 డిసెంబరులో ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసింది. ఆ మార్పు కోసమే సఫోక్‌తో సహా పలుచోట్ల 2025 మేలో జరగాల్సిన ఎన్నికలు వాయిదా పడ్డాయి. పరిపాలన సులువవుతుందేమో గానీ, పల్లె ఓటరు చేతిలో ఉన్న అసలైన బలం పోతుందని నా అభిప్రాయం.

సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్‌నే తీసుకుందాం. లక్ష పైచిలుకు జనాభాకు 34 మంది కౌన్సిలర్లు, అంటే సుమారు మూడు వేల మందికి ఒకరు. పోటీకి డిపాజిట్ అక్కర్లేదు. డబ్బు లేకపోయినా ఓపికుంటే అభ్యర్థి వార్డులో గడపగడపకూ వెళ్లి రావచ్చు. కన్జర్వేటివ్‌లకు పట్టున్న ఈ ప్రాంతంలో 2023 మే 4న గ్రీన్ పార్టీ 24 స్థానాలు గెలిచింది. బ్రిటన్‌లో ఏ కౌన్సిల్‌లోనైనా ఆ పార్టీకి సొంత మెజారిటీ రావడం అదే మొదటిసారి. ఈ డిస్ట్రిక్ట్‌లో కొంత భాగం ఉన్న వేవెనీ వ్యాలీ పార్లమెంటు స్థానం మరుసటి ఏడాది అదే పార్టీకి దక్కింది. జనం మనసు మారుతోందన్న సంగతి ముందు వార్డుల్లోనే బయటపడింది. ఇక నార్త్ యార్క్‌షైర్‌లో 2023 ఏప్రిల్‌లో ఏడు డిస్ట్రిక్ట్‌లనూ కౌంటీనీ కలిపేశారు. ఆరు లక్షలకు పైగా జనానికి ఇప్పుడు 90 మందే కౌన్సిలర్లు. ఒక్కొక్కరి మీద దాదాపు ఏడు వేల మంది బాధ్యత. ఇంటింటికీ తిరిగి గెలవడం అక్కడ ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఓటేసేవాళ్లే లేనప్పుడు ఈ ఎన్నికలెందుకని కొందరు అడుగుతారు. నిజమే, 2023లో ఇంగ్లండ్ స్థానిక ఎన్నికల్లో పోలింగ్ మూడో వంతుకు అటూఇటూగానే ఉంది. అయితే దానికి మందు ఓటరును కౌన్సిల్‌కు ఇంకా దూరం చేయడం కాదు. రెండు కార్యాలయాల ఖర్చు దండగన్న వాదనకు మిడ్ సఫోక్‌లోనే జవాబుంది: పక్కనున్న బాబర్గ్‌తో సిబ్బందినీ, ఇప్స్‌విచ్‌లోని ప్రధాన కార్యాలయాన్నీ పంచుకుంటూనే, ఎన్నికైన కౌన్సిల్‌ను మాత్రం దేనికది నిలుపుకున్నాయి. గుంతల రోడ్డుకు ఒకరిని, చెత్తకు ఇంకొకరిని అడగాల్సి రావడం జనాన్ని తికమక పెడుతుందన్న మాట మాత్రం కాదనలేనిది. ఫిర్యాదులన్నీ ఒకేచోట తీసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అందుకోసం కౌన్సిల్‌నే రద్దు చేయనక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో చదువుకో ఉద్యోగానికో ఉంటున్న మన తెలుగువారికీ ఇందులో పాత్ర ఉంది. కామన్వెల్త్ దేశ పౌరులుగా, సరైన వీసాతో అక్కడ నివసిస్తున్న 18 ఏళ్లు నిండిన భారతీయులకు ఈ ఎన్నికల్లో ఓటు హక్కుంది. పోలింగ్ కేంద్రంలో భారత పాస్‌పోర్టే గుర్తింపు పత్రంగా చెల్లుతుంది. మీవాళ్లు అక్కడుంటే, ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకున్నారో లేదో ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి.