రెండూ చెబితే పోలా?

2005 జనవరి 18. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో డోవర్ అనే చిన్న ఊరు. హైస్కూల్లో తొమ్మిదో తరగతి బయాలజీ పీరియడ్. పాఠం చెప్పాల్సిన టీచర్లు లేచి గది బయటికి వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో స్కూల్ డిస్ట్రిక్ట్ అధికారి ఒకాయన వచ్చి, చేతిలో కాగితం చూసి నాలుగు పేరాలు చదివారు. నిమిషం పట్టి ఉంటుంది. డార్విన్ చెప్పింది థియరీయే తప్ప రుజువైన నిజం కాదు, అందులో ఖాళీలున్నాయి. జీవం పుట్టుక గురించి 'ఇంటెలిజెంట్ డిజైన్' అనే ఇంకో వివరణ కూడా ఉంది. కావాలంటే 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' అనే పుస్తకం చూడండి. ఏదీ ముందే తేల్చేసుకోకండి. ఇదీ ఆ కాగితం సారాంశం. దాని మీద పిల్లలు ప్రశ్నలడగడానికి లేదు, చర్చ లేదు. చదివినాయన వెళ్లిపోయాక టీచర్లు మళ్లీ లోపలికొచ్చి పాఠం అందుకున్నారు.

వినడానికి ఇందులో తప్పేమీ కనపడదు. ఇద్దరి మాటా వినడం మన రచ్చబండ మర్యాద కూడా. 'రెండూ చెబితే పోలా, పిల్లలే తేల్చుకుంటారు' అని మన దగ్గర కూడా బాగా చదువుకున్నవాళ్లే అంటుంటారు. ఒకప్పుడు నాకూ ఆ మాట సబబుగానే తోచేది. ఆ కాగితం మీద నడిచిన డోవర్ కేసు గురించి చదివాక తోచడం మానేసింది.

ఎందుకంటే ఈ 'రెండూ' అనే మాట మొదట్లో లేదు. మొదట్లో ఒకటే అన్నారు. 1925లో టెనెసీ రాష్ట్రం, మనిషి కిందిస్థాయి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో చెప్పడమే నేరమని చట్టం చేసింది. ఆ జులైలో డేటన్ అనే ఊళ్లో జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల టీచరు మీద కేసు నడిచింది. 100 డాలర్ల జరిమానా పడింది. (మా ఊరికి నాలుగు రోజులు పేరొస్తుంది కదా అని కొందరు పెద్దలు మందుల షాపులో కూర్చుని వేయించిన కేసు అది. విచారణ రోజుల్లో సూటూ బూటూ తొడిగిన చింపాంజీని కూడా ఊళ్లో తిప్పారు.) జరిమానా తర్వాత సాంకేతిక కారణం మీద రద్దయింది కానీ చట్టం మాత్రం 1967 దాకా బతికింది. ఇలాంటి నిషేధాలు చెల్లవని 1968లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో నిన్నటిదాకా నిషేధం అడిగినవాళ్లే సమానత్వం అడగడం మొదలుపెట్టారు. పరిణామం చెబితే చెప్పండి, పక్కనే 'సృష్టి శాస్త్రం' కూడా చెప్పండి అన్నారు. లూసియానా రాష్ట్రం అలాగే చట్టం చేస్తే, అది మతబోధేనని 1987లో సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో కొట్టేసింది. ఇక మిగిలిన దారి, దేవుడి పేరెత్తకుండా దేవుణ్ని చెప్పడం. ఇంటెలిజెంట్ డిజైన్ చేసేది అదే. ప్రాణుల వెనక తెలివిగల రూపకర్త ఉన్నాడంటుంది, ఆయనెవరో మాత్రం చెప్పదు.

పేరు మార్చిన సంగతి ఎలా బయటపడిందో చెప్పుకోవాలి. కేసులో ఆ పాండాల పుస్తకం పాత రాతప్రతులు తెప్పించారు. బార్బరా ఫారెస్ట్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్ వాటిని పక్కపక్కన పెట్టి చూపించారు. 1987 తీర్పుకు ముందు 'క్రియేషనిస్ట్స్' అని ఉన్నచోట తీర్పు తర్వాత 'డిజైన్ ప్రొపొనెంట్స్' అని వచ్చింది. ఒకచోట మార్పు సరిగా పడలేదు. పాత మాట తల ముందూ, తోక వెనకా మిగిలిపోయి 'సిడిజైన్ ప్రొపొనెంట్‌సిస్ట్స్' అనే వింత జంతువు తయారైంది. పత్రికలో పనిచేసేవాణ్ని, ఈ రకం తప్పులు నాకు బాగా తెలుసు. హడావిడిగా పేరు మార్చి పేజీ పంపేటప్పుడే దొర్లుతాయి.

కేసు వేసింది 11 మంది తల్లిదండ్రులు. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. హారిస్‌బర్గ్ ఫెడరల్ కోర్టులో 2005 సెప్టెంబరు 26న విచారణ మొదలైంది. జడ్జి జాన్ జోన్స్, జార్జ్ బుష్ నియమించిన రిపబ్లికన్. తల్లిదండ్రుల తరఫు మొదటి సాక్షి కెన్నెత్ మిల్లర్. బ్రౌన్ యూనివర్సిటీలో జీవశాస్త్రవేత్త, డోవర్ పిల్లలు చదివే బయాలజీ పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు, పైగా నమ్మకమున్న క్యాథలిక్.

ఆయన చెప్పిన వాటిలో ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగుదాం. మనిషి కణంలో 23 జతల క్రోమోజోములుంటాయి. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 24 జతలు. మనకూ వాటికీ పూర్వీకులు ఒక్కరే అయితే ఆ ఒక్క జత ఏమైనట్టు? ఊరికే పోయి ఉండదు. అంత సామగ్రి పోతే ప్రాణి బతకదు. కాబట్టి రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటై ఉండాలి. అలా అతుక్కుంటే గుర్తు మిగలాలి. మన ఇళ్లలో పాత చీరలు కలిపి బొంత కుడతారు చూడండి. జరీ అంచు చీర చివరన ఉండాల్సింది, బొంత నడిమధ్యన కనిపిస్తుంది. అది చూసిన ఎవరికైనా ఇవి రెండు చీరలని తెలిసిపోతుంది. క్రోమోజోముకు కూడా రెండు కొసలా టెలోమియర్ అనే అంచు ఉంటుంది. అది కొసల్లోనే ఉండాలి. మనిషి రెండో క్రోమోజోములో వెతికితే ఆ అంచు నడుమ దొరికింది. పైగా ప్రతి క్రోమోజోముకూ ఉండే సెంట్రోమియర్ అనే నడికట్టు ఇందులో ఒకటి పనిచేస్తూ, ఇంకొకటి పనిమానేసిన ఆనవాలుగా ఉంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ అంచు దొరక్కపోయి ఉంటే పరిణామ సిద్ధాంతం ఇరకాటంలో పడేది. ఓడిపోవడానికి సిద్ధపడి బరిలోకి దిగింది కాబట్టే అది సైన్సు. రూపకర్త అలా ఇష్టపడ్డాడు అనే మాటకు ఆ భయం లేదు. అంచు నడుమ దొరికినా ఆయన ఇష్టమే, దొరక్కపోయినా ఆయన ఇష్టమే.

ఆ కాగితం చదివించిన స్కూల్ బోర్డు వైపు పెద్ద సాక్షి లీహై యూనివర్సిటీ బయోకెమిస్ట్ మైకేల్ బీహీ. ఇంటెలిజెంట్ డిజైన్‌ను సైన్సులో చేర్చాలంటే సైన్సు నిర్వచనాన్నే వదులు చేయాలి. ఆయన చేశారు. అయితే మీ కొలత ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతం అవుతుందా అని అవతలి లాయరు అడిగారు. అవుతుందని ఒప్పుకోక తప్పలేదు.

నవంబరు 4న వాదనలు ముగిశాయి. బోర్డు లాయరు లేచి, ఇవాళ్టికి 40వ రోజు, రాత్రికి 40వ రాత్రి, కావాలనే ఇలా చేశారా అని జడ్జిని అడిగారు. బైబిల్లో నోవహు కాలపు వాన 40 పగళ్లు, 40 రాత్రులు. యాదృచ్ఛికమే తప్ప 'డిజైన్' కాదని జడ్జి జవాబు. నాలుగు రోజుల తర్వాత ఎన్నికల్లో, పోటీలో ఉన్న పాత బోర్డు సభ్యులు ఎనిమిది మందినీ డోవర్ ఓటర్లు ఇంటికి పంపారు. దేవుణ్ని మీ ఊరు నుంచి వెళ్లగొట్టారు, రేపేదైనా ఆపద వస్తే ఆయన్ని పిలవకండి అని టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ శాపనార్థాలు పెట్టారు. డిసెంబరు 20న 139 పేజీల తీర్పు వచ్చింది. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదు, దాన్ని బడిలో చెప్పించడం రాజ్యాంగ విరుద్ధం. జడ్జికి బెదిరింపులొస్తే కాపలా పెట్టాల్సి వచ్చింది. ఖర్చుల కింద స్కూల్ డిస్ట్రిక్ట్ కట్టుకున్నది 10,00,011 డాలర్లు. పది లక్షలు లాయర్లకు, తల్లిదండ్రులు ఒక్కొక్కరికి ఒక్కో డాలరు.

ఇక మన సంగతి. బీహీ జ్యోతిషం దగ్గర దొరికిపోయాడని చదివి అమెరికావాడు నవ్వుకోవచ్చు. హైదరాబాదులో కూర్చుని చదివేవాడికి అంత తేలిగ్గా నవ్వు రాదు. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో 'జ్యోతిర్విజ్ఞానం' కోర్సులు తలపెట్టింది. సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పుష్ప మిత్ర భార్గవ, మరికొందరు కలిసి ఇక్కడి హైకోర్టుకు వెళ్లారు. కొట్టేశారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004 మేలో అక్కడా కొట్టేశారు. కోర్సు ఇష్టమైనవాళ్లు చేరేది, ఏది చదువో తేల్చాల్సింది యూజీసీ నియమించిన నిపుణులు, కోర్టులు కాదన్నది తీర్పు సారం. హారిస్‌బర్గ్ జడ్జి ఇది సైన్సా కాదా అన్న ప్రశ్నను నెత్తికెత్తుకున్నాడు. మన కోర్టులు ఆ ప్రశ్నను తలుపు దగ్గరే ఆపేశాయి. ఇంకా విచిత్రం, మన భాషలో థియరీకి పెట్టుకున్న మాట సిద్ధాంతం, పంచాంగం రాసేవారు సిద్ధాంతి. 'అది ఉత్త థియరీ' అని ఇంగ్లిష్‌లో తీసిపారేసినంత సులువుగా తెలుగులో 'అది ఉత్త సిద్ధాంతం' అనలేం. వాదించి, ఎదుటి పక్షాన్ని ఖండించి చివరికి నిలబెట్టింది సిద్ధాంతం. డార్విన్ చెప్పినదానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. మరి మన చదువుకున్నవాళ్లు 'థియరీయే కదా' అనడం ఎక్కడ నేర్చారో అడగాలి.

మన దగ్గర గొడవ అమెరికా తరహాలో లేదు. 2018లో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు, డార్విన్ తప్పు, పాఠాలు మార్చాలన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. ఏడాది తిరక్కుండా, 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి, డార్విన్ కంటే మన దశావతారాలే మెరుగైన సిద్ధాంతమన్నారు. ఒకరేమో డార్విన్ తప్పంటారు, ఇంకొకరు డార్విన్ చెప్పింది మనమే ముందు చెప్పామంటారు. ఇద్దరికీ ఒకే సభలో చప్పట్లు పడతాయి. చేప, తాబేలు, పంది, నరసింహం, వామనుడు అనే వరస పరిణామంలా కనబడటం నిజమే. కానీ అలా కనబడింది డార్విన్ పుస్తకం వచ్చాకే. 1877లో దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ ఆ పోలిక రాసింది. అంతకుముందు వందల ఏళ్లు దశావతారాలు పారాయణ చేసినవాళ్లకు అందులో భక్తి కనబడింది, బయాలజీ కాదు. వాళ్లకేం తక్కువైంది?

నన్నడిగితే నమ్మకాలకు బడిలో చోటు ఉంది. సోషల్ పాఠంలో ఉంది, తెలుగు పాఠంలో మరీ ఉంది. నేను చదివిన తెలుగు వాచకంలో గజేంద్రమోక్షం ఉండేది. మొసలి, ఏనుగు వెయ్యేళ్లు పోరాడాయంటే మాలో ఎవరూ మొసలి ఆయుర్దాయం ఎంత అని అడగలేదు. తర్వాతి పీరియడ్ బయాలజీ. మా మాస్టారు శనివారం ఉపవాసం, నుదుట కుంకుమ చెరిగేది కాదు. బోర్డు మీద జిరాఫీ మెడ పొడుగ్గా గీసి, లామార్క్ ఏమన్నాడు, డార్విన్ ఏమన్నాడు, లామార్క్ ఎక్కడ తప్పాడు అని మూడు రోజులు చెప్పారు. మాలో ఒకడు లేచి, 'మరి బ్రహ్మదేవుడు, సార్?' అన్నాడు. 'ఆయన సంగతి తెలుగు మాస్టారిని అడగరా, నాకు జిరాఫీ సంగతే తెలుసు' అన్నారాయన. గంట మోగేది, పుస్తకం మారేది. ఎవరి నమ్మకమూ చెడలేదు. మన రాజ్యాంగం 28వ అధికరణం కూడా పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ వద్దంది. మతాల గురించి చెప్పడానికి మాత్రం అడ్డులేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. మతం గురించి చెప్పడం వేరు, మతాన్ని చెప్పడం వేరు. ఆ తేడా మా మాస్టారికి కోర్టు చెప్పక్కర్లేకుండానే తెలుసు.

బడిలో చెప్పేది పిల్లలు ఇంట్లో పెద్దల మీద తిప్పుతారేమో, నాయనమ్మ దేవుణ్ని వెక్కిరిస్తారేమో అనే భయం అమెరికా తల్లిదండ్రులకైనా, మనకైనా ఉత్తుత్తిది కాదు. దానికి మందు మిల్లర్ లాంటి మనిషి, మా మాస్టారు లాంటి మనిషి. తరగతి గదిలో చదివే నాలుగు పేరాల కాగితం కాదు.

ఇక్కడ జరిగినదాంట్లో కాగితం కూడా లేదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అనే పాఠం 'అనువంశికత' అయింది. కోవిడ్ తర్వాత పిల్లలకు బరువు తగ్గిస్తున్నామన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని లేఖ రాశారు. పరిణామం పన్నెండో తరగతి బయాలజీలో ఉందిగా అని జవాబు. పది తర్వాత కామర్స్‌కో, ఎంపీసీకో వెళ్లే పిల్లలు ఆ పుస్తకం తెరవరు. డోవర్‌లో 'రెండూ' చెప్పమన్నందుకు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. మన దగ్గర ఒకటి తీసేస్తే ఇళ్లల్లో ఎవరూ గమనించనైనా గమనించలేదు.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఇవాళ వాళ్ల సైన్సు పుస్తకం ఒకసారి తిరగేయండి. ఆ పాఠం లేకపోతే వచ్చే ఆదివారం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఎముకలు ఎక్కడో అమెరికా నుంచి వచ్చినవి కావు. జియలాజికల్ సర్వే వాళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసినవి, జురాసిక్ కాలానివి. దాని మెడ కూడా పొడుగే.