పసిపిల్లల చేతిలో ఫోన్: ఇంట్లో ఎంత, ప్రయాణంలో ఎంత?

గత ఏడాది మన సొసైటీ నడిపే పిల్లల గదికి ఒక దాత 43 అంగుళాల టీవీ ఇస్తామని ముందుకొచ్చారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉండే గది అది. వాళ్ల తల్లుల్లో చాలామంది కుట్టుపనికో, ఇళ్లలో పనికో వెళ్తారు. పాటలు, బొమ్మలు చూస్తూ పిల్లలు ఒకచోట కూర్చుంటారు, ఆయమ్మకూ సులువవుతుంది అన్నది ఆయన ఉద్దేశం. మంచి మనసుతో ఇస్తామన్నదాన్ని కాదనడం మాకు కష్టంగానే అనిపించింది. వారం రోజులు మాట్లాడుకుని చివరికి వద్దన్నాం. కారణం ఆయనకు నోటిమాటగా చెప్పాం. మిగిలిన దాతలకూ తెలియాలని ఇక్కడ రాస్తున్నాం. మనవలు, మనవరాళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఉన్నదే కదా.

ముందు లెక్క చెబుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం కొన్ని సూచనలు ఇచ్చింది. రెండేళ్లు నిండనివారికి టీవీ, ఫోన్ ముందు కూర్చోబెట్టడం అసలు వద్దంది. రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజు మొత్తానికి గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ దాదాపు ఇదే. రెండేళ్లలోపువారికి దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ మాత్రం ఫరవాలేదంటుంది.

ఇందులో 'రోజు మొత్తానికి' అన్న మాట గమనించండి. మా గదిలో ముప్పావు గంట టీవీ నడిపితే ఆ బిడ్డకు ఇంటి దగ్గర మిగిలేది పావు గంట. ఇంట్లో పావు గంటతో ఆగుతుందా అంటే, మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. పైగా అవే సూచనల ప్రకారం ఈ వయసు పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు కదులుతూ ఆడాలి. ఏడాది దాటిన బిడ్డకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడేళ్లు దాటినవాడికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. తిండి, స్నానం పోను రోజులో ఇంకేం మిగులుతుందో మీరే లెక్కవేయండి.

ఇక మాటల సంగతి. అమెరికాలో ప్యాట్రీషియా కుల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ఒక పరిశోధన ప్రచురించింది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడారు. ఇంకొందరికి అలాంటి మాటలనే డీవీడీలో చూపించారు. పన్నెండు విడతల తర్వాత పరీక్షిస్తే మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకోగలిగారు. డీవీడీ చూసినవాళ్లు పట్టుకోలేకపోయారు. పసిబిడ్డ మాట నేర్చేది ఎదుటి మనిషి కళ్లు చూసి, తన కూతకు వాళ్లిచ్చే జవాబు విని. టీవీ బిడ్డ ఏమన్నా పట్టించుకోదు, దాని పాట అది పాడుతుంది.

ఇది మా గదిలోనూ చూశాం. మూడేళ్లు నిండిన ఒక పిల్లవాడు చేరిన రోజే రెడ్, బ్లూ, ఎల్లో అంటూ రంగులన్నీ గడగడా చెప్పాడు. తల్లి మురిసిపోయింది. గంట తర్వాత దాహం వేస్తే మాత్రం నీళ్లు అనలేదు, పానీ అనలేదు. ఆయమ్మ చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కుపోయాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, ఫోన్‌లో ఇంగ్లిష్. మూడు భాషల వల్ల మాట ఆగిందని నానీ అనుకుంది. అది నిజం కాదు. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు కోట్లమంది ఉన్నారు, వాళ్లంతా మాట్లాడుతున్నారు. అలాగని ఫోన్ వల్లే మాట ఆగిందని మేమూ తేల్చి చెప్పలేదు. చెవులు సరిగా వినపడకపోయినా మాట రాదు. అందుకే ముందు వినికిడి పరీక్ష చేయించాలన్నాం. ఇలాంటి పిల్లల కోసమే ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడని బిడ్డను "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది" అంటూ ఇంట్లో ఉంచుకోకుండా చూపించాలి. ఈ పిల్లవాడికి చెవులు బాగానే ఉన్నాయని చెప్పారు. ఇంట్లో ఫోన్ తగ్గించి, అందరూ వాడితో మాట్లాడటం పెంచారు. ఆరు నెలలకు చిన్న చిన్న వాక్యాలు చెబుతున్నాడు.

ఫోన్ తగ్గించడం అంటే మొదటి తగాదా అన్నం దగ్గరే.

"ఫోన్ ఇయ్యకపోతే ముద్ద మింగడు మేడం" అంది నానీ.

"ఫోన్ ఇస్తే ఎంత తింటున్నాడో వాడికైనా తెలుస్తోందా అమ్మా?" అని అడిగాం. ఆమె కాసేపు ఆలోచించి, "తెలీదు, నోరు తెరుస్తాడంతే" అంది. కడుపు నిండిందో లేదో తెలుసుకోవడం కూడా బిడ్డ నేర్చుకోవలసినదే. మొదటి నాలుగైదు రోజులు తక్కువే తింటాడు, దానికి భయపడొద్దని చెప్పాం. మన పాతకాలపు దస్తర్‌ఖాన్ ఇందుకు మంచి ఉపాయం. అందరితోపాటు కింద కూర్చోబెట్టి, వాడి పళ్లెం వాడి ముందు పెడితే సగం పారబోసినా సగం తింటాడు.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కడప, రాయచోటి వైపు తండ్రి కువైట్‌లో, బిడ్డ ఇక్కడ ఉన్న ఇళ్లు ఎన్నో. ఆ తండ్రి వీడియో కాల్‌ను కార్టూన్‌తో కలిపి లెక్కవేయకండి. బిడ్డ నవ్వితే ఆయన నవ్వుతాడు, బంతి చూపిస్తే బంతి అంటాడు. అక్కడ జవాబు ఇచ్చే మనిషి ఉన్నాడు. కాకపోతే కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసేసరికి ఇక్కడ పదిన్నర. నిద్రపోయే బిడ్డను లేపడం కంటే శుక్రవారం ఆయన సెలవు రోజున పగటిపూట మాట్లాడించడం మేలు.

ఇంత విన్నాక ఆ టీవీ దాతే అడిగారు: "అదంతా సరే మేడం, వచ్చే వారం మనవడిని తీసుకుని బెంగళూరు పోతున్నాం. ఆరేడు గంటలు బస్సులో వాడిని ఎట్ల పట్టేది?"

నిజమే, ప్రయాణం వేరు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా విమాన ప్రయాణం, వైద్య పరీక్షల్లాంటి అరుదైన వేళల్లో వీడియో పనికొస్తుందనే ఒప్పుకుంది. ఏడ్చిన ప్రతిసారీ దానితోనే ఊరుకోబెడితే, తనంతట తాను ఊరుకోవడం బిడ్డకు అలవడదన్నదే వాళ్ల భయం. కాబట్టి ఫోన్ సంచిలో ఉండొచ్చు, పైన మాత్రం ఉండకూడదు. బస్సు ఎక్కగానే ఇస్తే ఆరు గంటలూ ఇవ్వాల్సిందే. మొదట కిటికీ. మేకలు, ట్రాక్టర్లు, గుట్టలు ఎన్ని చూసినా పిల్లలకు విసుగు రాదు, విసుగొచ్చేది మనకే. తర్వాత తినేవి, అవీ ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా. మూతలున్న రెండు చిన్న డబ్బాలు, కాసిని బఠానీలంత కాదు, మింగలేనంత పెద్ద చెక్క పూసలు ఇస్తే వేసుకుంటూ తీసుకుంటూ చాలాసేపు గడుపుతాడు. బస్సు ఆగినచోటల్లా దింపి నడిపించాలి.

ఇక తప్పనప్పుడు ఫోన్. ఇంటి దగ్గరే నెమ్మదిగా సాగే రెండు మూడు వీడియోలు దించుకుని, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలయ్యే బాధ ఉండదు. "ఇంకో ఐదు నిమిషాలు" అంటే రెండేళ్లవాడికి అర్థం కాదు. "ఈ పాట అయిపోతే ఫోన్ బజ్జుంటుంది" అంటే అర్థమవుతుంది. పక్కన కూర్చుని మీరూ చూసి, అందులో ఉన్నవాటి గురించి మాట్లాడండి. ఘాట్ మలుపుల్లో మాత్రం వద్దు. కళ్లు తెర మీద నిలిచి, ఒళ్లు ఊగుతుంటే రెండేళ్లు దాటిన పిల్లలకు వాంతి వచ్చే అవకాశం ఎక్కువ. విమానమైతే దిగేటప్పుడు పాలో నీళ్లో తాగిస్తే చెవి నొప్పి తగ్గుతుంది, సగం ఏడుపు దానివల్లే. ఊరు చేరాక ఇంటి నియమమే మళ్లీ ఇంటి నియమం.

టీవీకి అనుకున్న డబ్బుతో ఆయన మా గదికి చాపలు, చెక్క దిమ్మెలు, నీళ్లాటకు రెండు టబ్బులు, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వారి తెలుగు, ఉర్దూ బొమ్మల పుస్తకాలు కొనిచ్చారు. మిగిలింది రెండో ఆయమ్మ జీతానికి కొన్ని నెలలు సరిపోయింది. పిల్లలు ఒకచోట కూర్చోవడం లేదు, గది ఏ పూటా సర్ది ఉండదు, ఆయమ్మలకు పని పెరిగింది. అది దాచం.

బెంగళూరు నుంచి ఆయన ఫోన్ చేశారు. మనవడు రాయచోటి దాకా కిటికీకి అతుక్కుపోయాడట, మదనపల్లె చేరేలోపే నిద్రపోయాడట. "ఫోన్ మాత్రం దారంతా నేనే చూసినాను మేడం" అన్నారు.