ఎత్తు పెంచిన బండికి వణుకెందుకు?

రైల్వే ఉద్యోగాలతో వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన పట్టణం బిలాస్‌పూర్. అక్కడి నెహ్రూ నగర్ నుండి ఒక పికప్ వాహనం కోర్బా బొగ్గు గనుల వైపు ఖాళీగా బయలుదేరి, సరుకుతో తిరిగి వస్తుందనుకుందాం. ఎక్కువ బరువు మోయాలని యజమాని వెనుక కమాను కట్టల్లో రెండేసి పట్టీలు అదనంగా వేయించాడు. వెళ్ళేటప్పుడు కాస్త వేగం అందుకోగానే పాదాల కింద రేకు జలదరిస్తుంది. వచ్చేటప్పుడు బరువుతో ఉన్న ఆ బండే నిశ్శబ్దంగా సాగిపోతుంది. బరువు తక్కువైతే జబ్బు, ఎక్కువైతే ఆరోగ్యం! ఈ వింతలోనే అసలు కారణం దాగి ఉంది.

గేరుపెట్టె నుండి వెనుక ఇరుసుకు శక్తిని చేరవేసే పొడవైన గొట్టం ప్రొపెల్లర్ షాఫ్టు. దాని రెండు కొనల్లోనూ యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. రాబర్ట్ హుక్ 1676లో సౌర పరిశీలన పరికరాలపై వెలువరించిన గ్రంథంలో ఇటువంటి కీలును వర్ణించాడు. ఈ కీలుకు ఒక పుట్టుక లోపం ఉంది. వంగి తిరిగేటప్పుడు అది అందుకున్న సమవేగాన్ని సమంగా అందించలేదు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే ఆరు శాతం.

ముందు కీలు చేసిన తప్పును వెనుక కీలు దిద్దుతుంది. అయితే రెండు వంపులూ సమానంగా ఉండాలి, షాఫ్టు రెండు కొనల ఫోర్కులూ ఒకే వరుసలో ఉండాలి. బండిని ఎత్తినప్పుడు షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. ఇరుసు ముక్కు కొంచెం తిరిగినా సమానత్వం చెడుతుంది. అది చెడకపోయినా, నడుమనున్న షాఫ్టు మాత్రం హెచ్చుతగ్గు వేగంతోనే తిరుగుతుంది. బరువు పడగానే కమాను అణిగి వంపు తగ్గుతుంది గనుక వణుకూ తగ్గుతుంది.

ఇది తెలియక షాఫ్టును పదేపదే బ్యాలెన్సింగుకు పంపేవారున్నారు. కోణంలోని దోషానికి గొట్టం మీద బరువు ముక్క అతికించి ఏమి లాభం? ముందుగా క్రాస్ బేరింగులు అరిగాయేమో, షాఫ్టు విప్పి బిగించినప్పుడు గుర్తులు తప్పాయేమో చూడాలి. ఆ తరువాత చదునైన నేలపై, చక్రాల మీదే బండిని నిలిపి, కోణమాపకంతో గేరుపెట్టె, షాఫ్టు, ఇరుసు ముక్కు ఏటవాలులను కొలవాలి. రెండు కీళ్ళ వంపుల మధ్య తేడా ఒక డిగ్రీ లోపల ఉండడం మేలు. తేడా ఎక్కువైతే కమానుకూ ఇరుసుకూ నడుమ ఏటవాలు ఉక్కు చీలిక వేసి ముక్కును సరిచేస్తారు. షాఫ్టు రెండు ముక్కలదైతే నడిమి బేరింగును తగినంత దించవలసి రావచ్చు. ఇంత చేసినా వంపు మరీ ఎక్కువగా ఉంటే అదనపు పట్టీలను తీసివేయడమే మందు.

ఉపేక్షిస్తే ముప్పు చిన్నది కాదు. ముందు కీలు తెగితే షాఫ్టు కొన రోడ్డు మీద పడి నేలలో గుచ్చుకోవచ్చు. వేగంలో ఉన్న బండిని అది తలక్రిందులు చేయగలదు. నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుందనీ మరువరాదు.

చీలిక వేసిన తరువాత యూ బోల్టులు కొద్దిగా సడలుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక వాటిని మళ్ళీ బిగించాలి.